ప్రభుదాసు గారి గొంతు కోసం కొన్న పెట్టె

2011 జూన్‌లో ఒక శనివారం మధ్యాహ్నం, అడిలైడ్ నగరానికి ఉత్తరాన సాలిస్‌బరీలో ఒక ఇంటి ముందుగదిలో కూర్చుని నా ల్యాప్‌టాప్‌లో బ్యాకప్ అని పేరు పెట్టిన ఫోల్డర్ తెరిచాను. అందులో నూట పన్నెండు ఫైళ్లు ఉండాలి. ఒక్కటే ఉంది. దాని మీద ఏప్రిల్ తేదీ ఉంది. ఆ ఫైళ్లు దాచే పెట్టెను నేను ఆ ఇంట్లో బిగించి వెళ్లిన రోజది. నిడివి తొమ్మిది సెకన్లు. నొక్కితే, "హలో, ఒకటి, రెండు, మూడు, వినపడుతోందా" అంటూ నా గొంతే వినిపించింది.

నా పక్క కుర్చీలో ప్రభుదాసు గారు ఉన్నారు. అయిదు వారాల కిందట ఆయనకు స్వరపేటిక తీసేశారు. మెడకు మెత్తటి గుడ్డ కట్టుకుని, ఒళ్లో చిన్న తెల్ల పలక, ఒక మార్కరు పెట్టుకుని కూర్చున్నారు. ఆ నూట పన్నెండు ఫైళ్లలో ఉండవలసింది ఆయన గొంతు.

నేను అప్పుడు చదువుకుంటున్నాను. నలభై రెండేళ్ల వయసులో. ఒక తెలుగు దినపత్రిక డెస్కులో పద్దెనిమిదేళ్లు పనిచేసి, జీతం లేని సెలవు పెట్టి, సమాచార నిర్వహణలో మాస్టర్స్ చదవడానికి మాసన్ లేక్స్‌లోని క్యాంపస్‌కు వచ్చాను. విద్యార్థి వీసా మీద వారానికి ఇరవై గంటలకు మించి పనిచేయకూడదు. ఆ ఇరవై గంటలూ దగ్గరలోని ఒక కంప్యూటర్ షాపులో చేసేవాణ్ని. అక్కడ మూడు అంచెలు. పైన యజమాని, ఆయన కింద సీనియర్ టెక్నీషియన్, అందరికంటే కింద నాబోటి క్యాజువల్ ఇన్‌స్టాలర్లు. అమ్మిన సామాను ఇంటికి తీసుకెళ్లి, బిగించి, వాడకం చూపించి, పదకొండు గడుల కాగితం మీద టిక్కులు పెట్టి, గృహస్థుతో సంతకం చేయించుకు రావడం మా పని.

ఆ ఏడాది ఎక్కువగా అమ్మినవి నెట్‌వర్క్ స్టోరేజీ పెట్టెలు. ఒక్కొక్కటి రొట్టె ముక్కలు కాల్చే టోస్టరంత ఉంటుంది. లోపల హార్డ్ డిస్కులు పెట్టి, ఇంట్లో ఇంటర్నెట్ తెచ్చే రౌటరుకు తగిలిస్తారు. ఇంట్లో ఉన్న కంప్యూటర్లన్నీ అందులో కాపీలు దాచుకోవచ్చు. టీవీ అందులోంచే సినిమాలు, పాటలు తీసుకుంటుంది. జనం కొనేది రెండో దాని కోసం. మేం అమ్మేది మొదటిది చెప్పి.

ఏప్రిల్ మొదట్లో ప్రభుదాసు గారు, ఆయన భార్య విమల గారు షాపుకు వచ్చారు. వాళ్లది నరసాపురం దగ్గర పల్లె. ఆమె వృద్ధాశ్రమంలో నర్సు. ఆయన ఊళ్లో ఉండగా కరెంటు సబ్‌స్టేషన్లో ఇరవై రెండేళ్లు ఆపరేటరు, ఇక్కడికొచ్చాక గోదాములో ఫోర్క్‌లిఫ్ట్ నడిపేవారు. ఆదివారాలు తెలుగు సంఘం ఆరాధనలో వాక్యం చదివేది ఆయనే. గొంతులో క్యాన్సర్ బయటపడింది. మే మొదటి వారంలో ఆపరేషన్. ఆ తర్వాత మాట ఉండదు. ఈ నాలుగు వారాల్లో మీ గొంతు రికార్డు చేసి పెట్టుకోండని ఆసుపత్రిలో థెరపిస్టు సలహా ఇచ్చిందట. రికార్డింగ్ ల్యాప్‌టాప్‌లో చేస్తారు. భద్రంగా దాచడానికి ఏం కొనాలన్నది ప్రశ్న.

ఆయన గొంతు అప్పటికే బొంగురుపోయింది. హాస్యం మాత్రం తగ్గలేదు. ఆ పెట్టెను అటూ ఇటూ తిప్పి చూసి, "ఇంత డబ్బాలో నా గొంతు పట్టుద్దాండి? నేను మాట్టాడితే మూడో వీధికి వినపడుద్దని మా ఆవిడ ఇరవై ఏళ్లనించీ గోల" అన్నారు.

"పట్టకపోతే నాకే సుఖం" అంది విమల గారు. అని, వెంటనే అటు తిరిగి కేబుళ్ల అర చూస్తూ నిలబడింది.

ఆయన మనసు మామూలు పోర్టబుల్ డిస్కు మీద ఉంది. రోజూ సాయంత్రం తగిలించి, స్వయంగా కాపీ చేసి, తీసి బీరువాలో పెట్టుకుంటానన్నారు. నేను వద్దన్నాను. మనిషి చేత్తో చేసే పని ఏదో ఒకరోజు మరిచిపోతాడు, యంత్రం మరవదు అన్నాను. రెండు డిస్కుల పెట్టె చూపించాను. ఒక డిస్కులో రాసిందే రెండో దాంట్లోనూ పడుతుంది, ఒకటి పాడైనా ఇంకొకటి ఉంటుంది. దీన్ని అద్దం పద్ధతి అంటారు.

"పేపరోళ్లు కదా, అన్నీ రెండేసి కాపీలంటారు" అని నవ్వారు ఆయన. అప్పటినుంచి నన్ను పేపర్ సారూ అని పిలిచేవారు. విమల గారు తమ్ముడూ అనేది. నిర్ణయం నాది. వాళ్లు నా మాట మీద కొన్నారు.

ఇంటికి వెళ్లి బిగించింది కూడా నేనే. టీవీ బల్ల వెనక గోడకు ఒక ప్లగ్గు, దానికి ఒక ఎక్స్‌టెన్షన్ బోర్డు. టీవీ, రౌటరు, మా పెట్టె, మూడూ ఆ బోర్డుకే. పెట్టెలో రెండు ఫోల్డర్లు చేశాను. మీడియా అనే దాంట్లో వాళ్ల పాత సినిమాలు, పెళ్లి వీడియోలు, ఆరాధన పాటలు ఆ రోజే చేత్తో కాపీ చేసి టీవీలో ఆడించి చూపించాను. రికార్డింగులు కూడా అందులోనే వేస్తే టీవీలో వినొచ్చన్నాను. ప్రభుదాసు గారు ఒప్పుకోలేదు. "నేనిక్కడ సోఫాలో కూచునుండగా టీవీలో నా గొంతెందుకండి? అది తర్వాత సంగతి" అన్నారు. అందుకని వాటిని ల్యాప్‌టాప్‌లోనే ఉంచి, అక్కడినుంచి బ్యాకప్ ఫోల్డర్‌లోకి రోజుకోసారి తనంతట తాను కాపీ అయ్యేలా పెట్టాను. పరీక్ష కోసం నా గొంతు తొమ్మిది సెకన్లు రికార్డు చేసి పంపి చూశాను. పడింది. సమయం రాత్రి రెండు గంటలని పెట్టాను. ఆ వేళ టీవీ ఎవరూ చూడరు, నెట్‌వర్క్ ఖాళీగా ఉంటుంది. పత్రికలో ఆఖరి పేజీ ప్రెస్సుకు వెళ్లే వేళ కూడా అదే కనుక నాకది సహజంగా తోచింది.

కాపీ జరగకపోతే ఈమెయిల్ పంపే ఏర్పాటు ఉంది. దానికి విమల గారి మెయిల్ పాస్‌వర్డ్ కావాలి. ఆమె షిఫ్టుకు వెళ్లిపోయింది. ఆ గడి తర్వాత నింపవచ్చని ఖాళీగా వదిలేశాను.

పదకొండో గడి, వారం తర్వాత తనిఖీ. నియమం ప్రకారం ఇంటికి వెళ్లాలి. యూనివర్సిటీలో అసైన్‌మెంట్లు ఇవ్వాల్సిన వారమది. ఫోన్ చేశాను. బాగా పనిచేస్తోందా అక్కా అని అడిగాను. "సూపర్‌గా వస్తన్నాయి తమ్ముడూ, నిన్న మా పెళ్లి వీడియో మొత్తం చూశాం" అంది. టిక్ పెట్టాను.

ఆ నాలుగు వారాలూ ప్రభుదాసు గారు రోజుకు గంటసేపు రికార్డు చేశారు. నాకు ఈ వివరాలు తర్వాత తెలిశాయి. కీర్తనల గ్రంథంలోంచి తనకిష్టమైన అధ్యాయాలు చదివారు. తుపాను తర్వాత పదకొండు రోజులు చీకట్లో ఉన్న ఊరికి లైను ఎలా ఇచ్చిందీ చెప్పారు. కూతురు కీర్తన అప్పుడు పదకొండో తరగతి. ఆ అమ్మాయికి పదిహేడో పుట్టినరోజు నుంచి ముప్పయ్యో పుట్టినరోజు దాకా ఏడాదికొకటి చొప్పున పద్నాలుగు శుభాకాంక్షలు విడివిడిగా చేసి పెట్టారు. ఏ ఏటికి ఏ ఫైలో నోటుబుక్కులో రాసుకున్నారు. ఆపరేషన్ జరిగింది, ఇంటికొచ్చారు. జూన్ మొదట్లో ల్యాప్‌టాప్ హార్డ్ డిస్కు టక్కుటక్కుమని కొట్టుకుని ఆగిపోయింది. వాళ్లు కంగారుపడలేదు. పెట్టెలో కాపీ ఉంది కదా అని నాకు కబురు చేశారు.

ఒక్క ఫైలే కనిపించాక నేను చేసిన పని లాగ్ తెరవడం. పెట్టె తనకు జరిగిన ప్రతిదాన్నీ తేదీ, గంటతో రాసుకునే పట్టిక అది. ప్రతి సాయంత్రం ఆరుకూ ఏడుకూ మధ్య ఒక వరుస: పెట్టె మొదలైంది. ప్రతి రాత్రి పది దాటాక ఇంకొక వరుస: విద్యుత్తు హఠాత్తుగా ఆగింది. ఏప్రిల్‌లో మొదటి రాత్రి నుంచి నిన్నటిదాకా ఒక్క రోజు తేడా లేదు. రెండు గంటలప్పుడు ఆ పెట్టె ఒక్కనాడూ మేలుకుని లేదు. అది దొరక్కపోతే ల్యాప్‌టాప్‌లోని ప్రోగ్రాము చడీచప్పుడు లేకుండా మర్నాటికి వాయిదా వేసుకుంటుంది.

గోడ స్విచ్ ఆపందే పడుకోని ఇల్లది. మా ఇంట్లోనూ అంతే. ఓల్టేజి హెచ్చుతగ్గులకు టీవీలు కాలిపోయిన ఊళ్లలో పెరిగినవాళ్లం. మావైపు ఏ ఇంట్లోనైనా ఆఖరున పడుకునేవారు స్విచ్చులన్నీ చూసుకుని పడుకుంటారు. ఆస్ట్రేలియాలో కూడా ప్లగ్గు పక్కనే స్విచ్ ఉంటుంది కనుక ఆ అలవాటు వదులుకోవాల్సిన పని ఎవరికీ పడలేదు. రాత్రి కరెంటు ఆపుతారా అని నేను అడగలేదు. పెట్టె వాడకం పుస్తకంలో ఆ ప్రశ్న లేదు. కానీ ఆ పుస్తకం రాసినవాడు నరసాపురంవాడు కాదు, నేను ఆ పక్కవాణ్నే.

కీర్తన తలుపు దగ్గర నిలబడి, "ఆల్ ఆఫ్ ఇట్?" అని అడిగింది. "ఈవెన్ ద బర్త్‌డే వన్స్?" అంది. లాగ్ మూసేసి, కారులో ఒక కేబుల్ ఉంది తెస్తానని బయటికి వచ్చాను.

విమల గారు వెనకే వచ్చింది. నిజం చెప్పమంది. చెప్పాను.

ఆమె వీధి తలుపు దగ్గరికి వేసింది. "రోజూ ఆయనే ఆపేవారు. హాస్పిటల్లో ఉన్నప్పుడు నేనాపాను. మాట లేకపోయినా మెసేజ్ పెట్టి మరీ గుర్తు చేసేవారు" అంది.

తప్పు నాది, స్విచ్చుది కాదన్నాను.

"ఆ మాటే చెప్పు. స్విచ్ ఊసెత్తకు తమ్ముడూ. ఆయన సర్వీసులో ఒక్క రిమార్కు లేదు. తన చేత్తోనే పోయిందంటే తట్టుకోలేరు."

లోపలికి వెళ్లాను. ప్రభుదాసు గారు పలక నా వైపు తిప్పారు. పవర్ ప్రాబ్లమా, అని రాసి ఉంది. కాదండీ, నేను సెట్టింగు తప్పు పెట్టాను, కాపీ మొదలే అవలేదు అని చెప్పాను. ఆయన పలక చేత్తోనే తుడిచి, సరే సార్ టీ తాగండి, అని రాశారు.

పాడైన డిస్కును యజమాని తన ఖర్చుతో సిడ్నీలోని ఒక ల్యాబుకు పంపించారు. లోపల సమాచారం ఉండే పళ్లెం గీసుకుపోయింది, ఏమీ తీయలేమని ఆరు వారాలకు తిరిగి వచ్చింది. పాత వీడియోల్లో ఆయన గొంతు ఉంది, కానీ అది ఆరాధనలో పదిమందితో కలిసి పాడిన గొంతు. షాపు నివేదికలో కారణం అన్న చోట, ఇన్‌స్టాలర్ లోపం, తనిఖీ ప్రత్యక్షంగా జరగలేదు, అని రాసి సంతకం పెట్టాను. యజమాని చదివి దాన్ని ఫైలులో పెట్టారు. తర్వాత ఆ కాగితానికి పన్నెండో గడి చేరింది. చివరి కాపీ ఏ తేదీదో ఇన్‌స్టాలర్ స్వయంగా తెరిచి చూసి రాయాలి.

చదువు ముగించి ఊరికి వచ్చాక పత్రికలోనే పాత ప్రతుల భద్రత చూసే విభాగంలో చేరాను, అక్కడే దాని అధిపతిగా రిటైరయ్యాను. ఆ పదవిలో ఉన్నన్నాళ్లూ కాపీలు జరుగుతున్నాయా అని ఎవర్నీ అడగలేదు. నెలకోసారి ఏదో ఒక పాత పేజీ పేరు చెప్పి, కాపీలోంచి తీసి నా బల్ల మీద పెట్టమనేవాణ్ని. తిరిగి తీసి చూడని కాపీ, కాపీ కాదు. పని నేర్చుకున్నవాడు పరికరం గురించి పది ప్రశ్నలు అడుగుతాడు. ఆ పరికరం పెట్టే ఇల్లు పొద్దున లేచిన దగ్గర్నుంచి పడుకునేదాకా ఎలా నడుస్తుందో పదకొండో ప్రశ్నగా అడగాలి. పత్రికలో పనిచేసినవాడిగా నాకది ముందే తెలిసి ఉండవలసింది.

ప్రభుదాసు గారు ఇప్పటికీ సాలిస్‌బరీలోనే ఉన్నారు. క్రిస్మస్‌కు మెసేజ్ పెడతారు, పేపర్ సారూ అనే మొదలుపెడతారు. ఆ శనివారం లాగ్ తెరిచినప్పుడు తెర ఆయన వైపే ఉంది. సబ్‌స్టేషన్లో ఇరవై రెండేళ్లు అలాంటి పట్టికలే రాసిన మనిషి. నేను మూసేలోగా ఆయన దాన్ని చదివారో లేదో నాకు తెలియదు. విమల గారూ ఆయనను అడగలేదు.