పొగగొట్టానికి జడ

పదేళ్లు దాటింది, ఈ మాట నా దగ్గరే ఉండిపోయి. మా ఇంట్లో కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు. బహుశా అందుకే చెప్పగలుగుతున్నాను.

అప్పట్లో నేను నడికుడి వైపు వార్తలు రాసే విలేకరిని. ఒక సున్నపు బట్టీలో కొత్తగా నిలబెట్టిన ఉక్కు పొగగొట్టం అడుగున చీలి, పక్కనున్న రేకుల షెడ్డు మీద పడింది. మనుషులకేమీ కాలేదు. వెల్డింగ్ సరిగా లేదన్నాడు యజమాని. వెల్డింగ్ చేసిన సైదులు అక్కడే ఉన్నాడు. అడిగాను.

"మొన్న గాలివానకి కదల్లేదన్నా. నిన్న సన్నగాలికి ఊగింది. గాలేమో పడమట నుంచి, ఊగేదేమో ఉత్తరానికీ దక్షిణానికీ. జడ ఏస్తానంటే సారు ఏయనీలా."

"పొగగొట్టానికి జడేందయ్యా?"

"నవ్వమాకన్నా. పైన చుట్టూతా ఇనప పట్టీ మెలికలుగా తిప్పి అతకాలి. సోకులెందుకన్నాడు సారు."

నవ్వాను. మర్నాడు శీర్షిక పెట్టాను: 'జడ లేక కూలిందట!'

రెండు రోజులకు, ఇంజనీరింగ్ పాఠాలు చెప్పే మిత్రుడొకరు ఆ వార్త చూసి ఫోన్ చేశాడు. గుండ్రటి గొట్టాన్ని దాటిన గాలి వెనక సుడులుగా విడిపోతుందట, ఒకసారి ఈ పక్క, ఒకసారి ఆ పక్క. ఒక్కో సుడీ గొట్టాన్ని తన వైపు లాగుతుంది. ఆ లయ గొట్టం ఊగే లయతో కలిసిందా, ఊపు పెరుగుతూ పోతుంది. పెనుగాలి అక్కర్లేదు, ఒకే తీరున వీచే గాలి చాలు. మెలికల పట్టీ ఆ సుడులను చెదరగొడుతుంది.

"మీ వెల్డర్ చెప్పింది అక్షరాలా నిజం," అన్నాడు.

నోటుబుక్కులో రాసుకున్నాను. సవరణ వేయలేదు.

ఎందుకు? యజమానికి భయపడ్డానా? అతను నన్నేమీ అడగలేదు. ఆ శీర్షికను ఆఫీసులో అందరూ మెచ్చుకున్నారు, నాకు తెలియని విషయాన్ని చూసి నవ్వానని వాళ్ల ముందు ఒప్పుకోవడం ఇష్టం లేకపోయింది. అంతేనా? అంతే. అంత చిన్న కారణం.

అతనికి 'జడ సైదులు' అని పేరు పడింది. "మా గేటుకి పూలజడ ఏస్తావా మామా?" అని అతని వెల్డింగ్ కొట్టు ముందు బండి ఆపి మరీ అడిగేవాళ్లు. పని రావడం తగ్గింది. కొట్టు మూసి క్వారీలో రాళ్లు ఎత్తడానికి పోయాడు.

ఇప్పటికీ ఎదురైతే "బాగుండావా అన్నా" అంటాడు. అందరిలాగే నాకూ ఇప్పటికీ నిజం తెలియదనుకుంటాడు.

వేయవలసిన సవరణ ఇంతే. పొగగొట్టం పడింది వెల్డింగ్ వల్ల కాదు. ఎందుకు పడిందో సైదులు ఆ రోజే చెప్పాడు. అది నిజమని తెలిశాక కూడా నేను రాయలేదు.