బొంత కింద కంప్యూటర్

నా సర్వీసులో చివరి వేసవికి నన్ను ఉప్పల్ సర్వీస్ సెంటర్‌కు సీనియర్ ఫీల్డ్ ఇంజనీరుగా బదిలీ చేశారు. ఫీల్డ్ ఇంజనీరంటే ఫిర్యాదు వచ్చిన ఇంటికి వెళ్లి కంప్యూటర్ బాగుచేసేవాడు. సీనియరంటే జూనియర్లు చేతులెత్తేసిన ఇళ్లకు వెళ్లేవాడు. ఫిర్యాదును మేము ‘కాల్’ అనేవాళ్లం. నాచారం కాల్ అలాగే నా నెత్తిన పడింది. కంప్యూటర్ వేడెక్కి మధ్యలో ఆగిపోతోందట, చప్పుడు భరించలేకుండా ఉందట. ముందు వెళ్లిన జూనియర్ మూతైనా విప్పకుండా కంప్యూటర్‌కు కొత్త క్యాబినెట్, అంటే బయటి డబ్బా, లోపలికి కొత్త కూలర్ ఫ్యాన్ కొనమని చెప్పి వచ్చాడు. మా వాళ్లకు అదొక జబ్బు.

ఆ ఇంటి కోడలు సరిత. ఆమె అంతకుముందు బట్టల షోరూంలో పనిచేసేది. అత్తగారు జారిపడి తుంటి విరగ్గొట్టుకున్నాక, ఆమెను ఒంటరిగా వదల్లేక మానేసింది. ఇప్పుడు పాఠాలు చదివి రికార్డు చేసే పని ఇంటి దగ్గరే దొరికేలా ఉంది. పంపిన మొదటి నమూనా మాత్రం తిరిగొచ్చింది. గొంతు బాగుందట, వెనకాల ఫ్యాన్ హోరు వినిపిస్తోందట. సోమవారంలోగా రెండోది పంపాలి, మరో అవకాశం లేదు.

“కొత్తవి కొనే తాకత్ లేదన్నా. గీ పని పోతే ఇంట్ల కూసొని చేసే పని మళ్ల నాకేడ దొరుకుతది?” అంది.

కంప్యూటర్ ఎక్కడమ్మా అని అడిగితే గోడ అల్మారా చూపించింది. అందులో బొంత కప్పుకుని పడుకుంది కంప్యూటర్. చప్పుడు వినబడకూడదని కప్పిందట. నవ్వు ఆపుకోలేకపోయాను. బొంత కప్పితే లోపలి వేడి బయటికి పోదు. వేడి పెరిగితే ఫ్యాన్ తనంతట తానే వేగం పెంచుకుంటుంది. వేగంతో పాటు చప్పుడూ పెరుగుతుంది. చప్పుడు పెరిగిందని ఈమె ఇంకో దుప్పటి కప్పేది.

మూత విప్పాను. ప్రాసెసర్ వేడిని లాగే అల్యూమినియం రేకుల దిమ్మను హీట్ సింక్ అంటారు. ఆ రేకుల మధ్య నల్లటి జిడ్డు పేరుకుపోయింది. మామూలు దుమ్మైతే ఊదితే పోతుంది, ఇది పోలేదు. వాసన చూస్తే సాంబ్రాణి. తలెత్తి చూద్దును కదా, అల్మారాలో పై అర పూజ అర. రోజూ ధూపం వేయడం అత్తగారి నియమం, మంచాన పడ్డాక కోడలి చేత వేయిస్తోంది. సంగతి వీలైనంత మెత్తగా చెప్పాను.

“దేవుని పొగతోని ఏం ఖరాబైతది సారు? గింతకాలం నుంచి ఏస్తున్న. నా రేడియో ఎన్నడన్న ఖరాబైందా?” అంది మంచం మీద నుంచే.

రేడియో గాలి పీల్చదు, ఇది పీలుస్తుంది అన్నాను. దేవుణ్ణి కదపొద్దు, డబ్బానే కదుపుదాం అనేసరికి వెంటనే ఒప్పుకుంది.

రేకులను బ్రష్‌తో, స్పిరిట్‌తో కడిగాను. ప్రాసెసర్‌కూ దిమ్మకూ మధ్య ఉండే థర్మల్ పేస్ట్ ఎండి పెచ్చులు కట్టింది. గోకేసి, కొత్తది శనగగింజంత పెట్టాను. ఇక గాలి దారి చూడాలి. ముందు ఫ్యాన్ గాలిని లోపలికి లాగాలి, వెనక ఫ్యాన్ బయటికి తోయాలి. అది తేల్చడానికి ఒక అగరుబత్తి ఇమ్మని అత్తగారినే అడిగాను. ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, తలాపునున్న కట్టలోంచి తీసి ఇచ్చింది. ముందు పెడితే పొగ లోపలికి పోయింది. వెనక పెడితే అక్కడా లోపలికే పోయింది. ఎవరో మహానుభావుడు వెనక ఫ్యాన్‌ను తిరగేసి బిగించాడు. విప్పి సరిగ్గా పెట్టాను. బయోస్‌లోకి, అంటే యంత్రం మూల అమరికల్లోకి వెళ్లి, వేడి లేనప్పుడు ఫ్యాన్లు నెమ్మదిగా తిరిగేలా చేశాను. కంప్యూటర్‌ను స్టూలు మీదికి మార్చి, అదురు రాకుండా పాత హవాయి చెప్పు కోసి ముక్కలు కింద పెట్టాను.

ఆన్ చేస్తే చప్పుడు లేదు. కాలర్ ఎగరేద్దామనుకునేలోపు, రెండు ముక్కలు రికార్డు చేసి విన్న సరిత హెడ్‌ఫోన్స్ తీసి, “ఇంక ఏందో టకటక ఇనబడుతుందన్నా” అంది.

కంప్యూటర్‌కు చెవి ఆనించి విన్నాను. అందులో ఏమీ లేదు. టకటకమనేది సీలింగ్ ఫ్యాన్. ఇన్నాళ్లూ ఆ హోరులో వినబడలేదంతే. దాన్ని ఆపాం. లారీల చప్పుడు రాకుండా కిటికీలు అప్పటికే మూసి ఉన్నాయి. కాసేపటికే సరితకు ముఖమంతా చెమట పట్టింది. ఎగశ్వాస కూడా రికార్డవుతోంది. ఒక్క పేజీ చదవలేకపోయింది. కంప్యూటర్ బాగానే ఉందమ్మా అన్నాను. ఆ మాట అన్నందుకు నాకే సిగ్గేసింది.

అత్తగారు తనను లేపి కోడలి పక్కన కుర్చీలో కూర్చోబెట్టమంది. గాజులు మోచేతి దాకా నెట్టుకుని, చప్పుడు కాకుండా మీద రుమాలు కట్టుకుంది. విసనకర్ర తీసుకుంది.

“ఇగ సదువు బిడ్డా,” అంది.

సరిత పాఠం మొత్తం చదివింది. ఆ నమూనా ఒప్పుకున్నారని తర్వాత ఫోన్ చేసి చెప్పింది, చాలా సంతోషంగా అనిపించింది. రిటైరయ్యేదాకా ఆ తర్వాత ఏ ఇంటికి వెళ్లినా, మూత విప్పే ముందు ఆ కంప్యూటర్ ముందు కూర్చునేదెవరో కనుక్కునేవాణ్ణి. వాళ్ల కుర్చీలో నేనూ కాసేపు కూర్చునేవాణ్ణి, సీలింగ్ ఫ్యాన్ ఆపి.