చెయ్యి వదిలేశాను

మా పాపకి ఆటిజం. అప్పట్లో యానాంలో ఆ మాటే చాలామందికి తెలియదు. వికలాంగుల సర్టిఫికెట్ కోసం తీసుకెళ్తే, డాక్టరు "బుద్ధిగానే కూర్చుందిగా" అని తిప్పి పంపేశారు. తిరిగొస్తూ దరియాలతిప్ప బస్సులో నేను ఏడుస్తుంటే, చేపల తట్టతో పక్కన కూర్చున్నావిడ సంగతి విని అడిగింది.

"చర్చి గౌను తొడిగి, చాక్లెట్టిచ్చి, చెయ్యి పట్టుకుని కూచోబెట్టేవా?"

"అవునండి."

"మావోడికీ నేనలాగే చేసేనమ్మా, పెద్దోళ్ల ముందు పరువు పోద్దని. ఈసారి చెయ్యొదిలెయ్యి."

మరుసటి నెల వదిలేశాను. పాప చెవులు మూసుకుని అరిచింది, డాక్టరు బల్ల కిందికి దూరింది, ఎంత పిలిచినా పలకలేదు. నేను కుర్చీలోంచి లేవలేదు. సంతకం పడింది.

ఆవిడ పేరైనా అడగలేదు. ఆ ఆదివారం చర్చిలో కూడా పాప చెయ్యి వదిలేశాను.