మడత పడని మడత చాకు

తెలివితక్కువ పనులు అందరూ చేస్తారు. కానీ ఒక తెలివితక్కువ పనిని ఇరవై మూడు రోజులు కష్టపడి, పట్టిక గీసుకుని, మార్కులు వేసుకుని మరీ చేసినవాళ్లు అరుదు. ఆ అరుదైన జాతిలో నేనొకదాన్ని. అరచేతిలో ఇమిడిపోయే ఒక మడత చాకు నన్నూ నా స్నేహితురాలినీ పెట్టే బేడాతో సహా నడిరోడ్డు మీద నిలబెట్టబోయింది. తప్పు చాకుది కాదు, దాన్ని ఎంచుకున్న మేధావిది. చదువుతూ చదువుతూ మీరు ఆ మేధావిని నాలుగు తిట్టుకున్నా నాకేమీ అభ్యంతరం లేదు. నేను రోజూ తిడుతూనే ఉన్నాను.

అప్పట్లో నేనూ సలోమీ మాదాపూర్‌లో ఆడపిల్లల హాస్టల్లో ఒకే గదిలో ఉండేవాళ్లం. సలోమిది ఒంగోలు. ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నర్సు. నేను సాఫ్ట్‌వేర్ టెస్టర్‌ని. అంటే ఇతరులు చేసిన పనిలో తప్పులు పట్టి, ఆ తప్పులు పట్టినందుకు జీతం పుచ్చుకుంటాను. మా హాస్టల్లో గదుల్లోకి కూరగాయల కత్తి తీసుకురాకూడదని రూలు. అందుకని బంగినపల్లి మామిడిపండును మేము స్టీలు స్కేలుతో కోసేవాళ్లం. రసం మోచేతుల దాకా కారేది. ముక్క మాత్రం వచ్చేది కాదు.

ఒకరోజు సలోమికి విసుగొచ్చింది.

"ఒసేయ్ వాణీ, చిన్న మడత చాకు ఒకటి కొనవే. బ్యాగులో పడుంటుంది. మూడొందలు మాత్రం దాటనివ్వకు, నెలాఖరు."

"నాకొదిలెయ్. మంచిది చూసి తెస్తా" అన్నాను నేను.

మామూలు మనిషైతే ఏం చేస్తుంది? సందు చివర స్టీలు సామాన్ల కొట్టుకు వెళ్లి, ఒక చాకు తీసుకుని, తెరిచి మూసి చూసి, జేబులో వేసుకుని వస్తుంది. మొత్తం పది నిమిషాల పని. నేను మామూలు మనిషిని కాదు కదా! లాప్‌టాప్ తెరిచి పట్టిక మొదలుపెట్టాను. బ్లేడు పొడవు, స్టీలు రకం, బరువు, పిడి పట్టు, తుప్పు, లాక్ బలం. ఇలా ముప్పై నాలుగు గళ్లు తయారయ్యాయి. ఆఫీసులో మా ప్రాజెక్టుకు కూడా నేనంత పెద్ద పట్టిక ఎప్పుడూ తయారు చెయ్యలేదు. చేసుంటే ప్రమోషన్ అయినా వచ్చేది.

ఆ తర్వాత వీడియోలు. గడ్డాలు పెంచిన మగాళ్లు అడవుల్లో నిలబడి కాగితం కోస్తుంటారు. అదే వాళ్ల పని. చాకు మారుతుంది, గడ్డం మారుతుంది, కాగితం మాత్రం మారదు. అలాంటివి నలభై చూశాను. మా గదిలో కోయాల్సిన కాగితం ఒక్కటీ లేదు, ఆ సంగతి నాకు తట్టలేదు. ఏ చాకుతో జింక తోలు వలవచ్చో, ఏ చాకుతో పడవ తాడు తెంచవచ్చో నాకు కంఠతా వచ్చేసింది. ఒక చాకుకైతే "మంచులో కూడా చెయ్యి జారదు" అని రాసుంటే పదికి తొమ్మిది వేశాను. మాదాపూర్‌లో మంచు కురిస్తే నేను మాత్రం సిద్ధంగా ఉంటానన్నమాట!

సలోమి డ్యూటీ నుంచి వచ్చిన ప్రతిసారీ అడిగేది.

"చాకు కొన్నావా?"

"రెండు మిగిలినాయి. ఇంకా తేల్చాల."

"ఏంటే తేల్చేది? పెళ్లిసంబంధమా?"

"ఒకదానికి స్టీలు మంచిది, లాక్ బాగలేదు. ఇంకోదానికి లాక్ బ్రహ్మాండం..."

"మామిడిపండుకి లాకెందుకే తల్లీ!"

"కోసేటప్పుడు మూసుకుంటే వేలు తెగుతాది. నర్సువి, ఆ మాత్రం తెలీదా నీకు?"

ఈ జవాబు చెప్పినప్పుడు నా మొహంలో ఎంత జ్ఞానం తాండవించిందో మీరు చూసుండాల్సింది. అప్పుడే ఎవరైనా ఒక్కటి పీకి ఉంటే ఇంత దూరం వచ్చేది కాదు.

బంగినపల్లి అయిపోయింది. రసాలు అయిపోయాయి. తోపుడు బండ్ల మీదకు నేరేడు పళ్లు వచ్చాయి. వాటికి చాకుతో పనే లేదు. ఇరవై మూడో రోజున నేను నా తుది నిర్ణయం ప్రకటించాను. నల్ల రంగు చాకు. బ్లేడు మీద ఎర్ర కళ్ల డ్రాగన్ బొమ్మ. పిడి చివర, కారు ప్రమాదంలో ఇరుక్కుంటే అద్దం పగలగొట్టుకోవడానికి ఒక ఇనుప మొన. మాకు కారు లేదు. అయినా ఆ మొనకు పదికి ఎనిమిది వేశాను. కానీ దాన్ని గెలిపించింది లాకే. కొన్నవాళ్లలో ఒకాయన "ఒకసారి తెరిస్తే ఏనుగు తొక్కినా మూసుకోదు" అని రాశాడు. ఆ ఒక్క వాక్యానికి పదికి పది వేసి ఆర్డరు పెట్టేశాను.

సరిగ్గా ఆ వారంలోనే హాస్టల్ ఓనరు బాంబు పేల్చాడు. బిల్డింగు ఏదో ఆఫీసుకిచ్చేశాడట, నెలాఖరుకల్లా అందరూ ఖాళీ చెయ్యాలట. మిగతా హాస్టళ్లన్నీ నిండిపోయి ఉన్నాయి. ఇక ఇళ్ల వేట మొదలైంది. మాదాపూర్ నుంచి ఖాజాగూడ దాకా పద్నాలుగు ఇళ్లు తిరిగాం. ఒకావిడ "ఆడపిల్లలా? మాకెందుకమ్మా లేనిపోని బాధ్యత" అంది. ఒకాయన "నర్సా? వేళగాని వేళ వస్తే గేటెవరు తీస్తారండి?" అన్నాడు. ఇంకొకాయన మేము నోరు తెరవకముందే "ఫ్యామిలీకే" అని తలుపేసుకున్నాడు. గడువు ఇంకా నాలుగు రోజులుందనగా నార్సింగిలో ఒక ఇల్లు దొరికేటట్టు కనిపించింది. రెండో అంతస్తు, రెండు గదులు, మా జీతాలకు సరిపోయే కిరాయి. ఓనర్లు మల్లయ్య, ఎల్లమ్మ అనే పెద్దవాళ్లు. ఎల్లమ్మగారు ఫోన్లో "ముందుగాల మనుషుల్ని జూస్త. నచ్చితే ఇస్త" అంది. అది కూడా పోతే మాకు మిగిలింది మెట్రో స్టేషన్ మెట్లే.

ఆ ఆదివారం ఉదయం బయలుదేరుతుంటే గేటు దగ్గర నా పార్సిల్ వచ్చింది.

"తెరిచి చూడవే ఒకసారి" అంది సలోమి.

"ఇప్పుడొద్దు. మొదటిసారి ఏదైనా మంచి పండు మీదనే తెరవాల."

"నువ్వు టెస్టర్‌వి కదే! పనిచేస్తుందో లేదో చూసుకోవా?"

"టెస్టింగ్ గురించి నువ్వు నాకు చెప్పొద్దు."

మూసి ఉన్న చాకును మూసి ఉన్నట్టే బ్యాగులో వేసుకున్నాను. నాలాంటి వాళ్ల చేతుల్లో జనం వాడే సాఫ్ట్‌వేర్లు పెట్టిన ఈ దేశాన్ని చూస్తే నాకే జాలేస్తుంది.

నార్సింగిలో ఎల్లమ్మగారు మమ్మల్ని వరండాలో ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చోబెట్టింది. ముందు పైన అద్దం పలక ఉన్న టీపాయి. దాని మీద అగ్రిమెంటు కాగితం. పక్కన మల్లయ్యగారు పెన్ను పట్టుకుని, పెళ్లికొడుకు తండ్రిలాగా బిగుసుకుని కూర్చున్నాడు.

"ఏం పని జేస్తరు బిడ్డా?" అని ఆయనే అడిగాడు.

"నర్సునండి" అంది సలోమి.

"మంచిగుంది. మా బీపీ జూస్తవు. మరి నువ్వు?"

"సాఫ్ట్‌వేర్ అంకుల్. తప్పులు పట్టే పని" అన్నాను.

"ఎవల తప్పులు?"

"అందరివీ అంకుల్."

సలోమి నా కాలు తొక్కింది.

"ఏ ఊరు మీది?"

"నాది ఒంగోలండి. దీనిది కడప జిల్లా."

"కడపనా?" అని మల్లయ్యగారు ఆగిపోయాడు. మా జిల్లా వాళ్లందరికీ ఈ ఆగడం అలవాటే. సినిమాల పుణ్యమా అని, మేము పుట్టగానే బారసాలలో బాంబులు పంచుతారని లోకం నమ్మకం. మా నాన్న డ్రాయింగు మాస్టారు. ఒంటి మీద చీమ పాకితే దాన్ని దులపకుండా తనే లేచి వేరే చోట కూర్చునే రకం. ఆ సంగతి చెబుదామనుకునేలోపు ఎల్లమ్మగారే అడ్డుపడింది.

"ఊర్ల ఏమున్నదయ్యా! పిల్లలు బుద్ధిమంతుల్లెక్కనే ఉన్నరు. రాసియ్యి" అని, పెరట్లో చెట్టుకు కాసిన జామకాయలు పళ్లెంలో తెచ్చి పెట్టింది. "తినుండ్రి బిడ్డా. కోసి ఉప్పుకారం ఏసిస్త. జర ఆగుండ్రి, లోపల చాకున్నది, తెస్త."

మల్లయ్యగారు పెన్ను మూత తీశాడు. పాఠకులారా, నేను ఒక్క నిమిషం, ఒకే ఒక్క నిమిషం కుర్చీలో కదలకుండా కూర్చుంటే ఇల్లు మాది.

"మీరు లేవద్దు ఆంటీ! నా దగ్గరుంది" అన్నాను.

బ్యాగులోంచి చాకు తీసి బొటనవేలితో నెట్టాను. టక్‌మని తెరుచుకుంది. మల్లయ్యగారి కుర్చీ అడుగున్నర వెనక్కి జరిగింది.

"గదేంది?"

"చాకు అంకుల్."

"చాకని నాకూ కనబడుతున్నది. దాని మీద ఆ పామెందుకున్నది?"

"పాము కాదంకుల్. డ్రాగన్."

పాము కాదని తెలిస్తే ఆయన కుదుటపడతాడని నా ఆశ. ఆయన పెన్ను మూత పెట్టేశాడు.

నేను జామకాయను నాలుగు ముక్కలు చేసి చిరునవ్వుతో అందించాను. ఎవ్వరూ తీసుకోలేదు. "కోశావు కదా, ఇక మూసెయ్యవే" అంది సలోమి పళ్ల మధ్య నుంచి. సరేనని మూశాను. మూసుకోలేదు. గట్టిగా నొక్కాను. అటు తిప్పి నొక్కాను, ఇటు తిప్పి నొక్కాను. అది కదల్లేదు.

"ఏమైంది బిడ్డా?" అంది ఎల్లమ్మగారు.

"ఏం లేదాంటీ. దీని లాక్ చాలా గట్టిది. ఏనుగు తొక్కినా మూసుకోదు."

"మరి ఎట్ల మూస్తరు?"

అప్పుడు నాకు వెలిగింది. ఇరవై మూడు రోజులు, ముప్పై నాలుగు గళ్లు, నలభై గడ్డాలు. ఎలా మూయాలి అన్న గడి మాత్రం నా పట్టికలో లేదు. ఛీ, నా బతుకు!

ఇక్కడైనా ఆగానా? పిడిని దేనికైనా ఆనించి బలంగా నొక్కితే మూసుకుంటుందని నాకు మహత్తరమైన ఆలోచన వచ్చింది. ఎదురుగా ఉన్నది టీపాయే. పిడి చివరను దాని మీద ఠక్కున ఆనించాను. పిడి చివర ఏముందో మీకు గుర్తుంది, నాకు గుర్తు లేదు. టీపాయి అద్దం భళ్లున పగిలి, జామకాయలతో, పళ్లెంతో, అగ్రిమెంటు కాగితంతో సహా కిందకు కూలిపోయింది. ఆ మొనకు ఎనిమిది మార్కులు తక్కువేనని ఆ క్షణంలో ఒప్పుకున్నాను.

"ఇగ లేవుండ్రి!" మల్లయ్యగారు గర్జించాడు. "కడప అన్నప్పుడే అనుకున్న! ఇల్లూ వద్దు, కిరాయీ వద్దు. నడువుండ్రి!"

సలోమి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. పద్నాలుగు ఇళ్లు తిరిగినా ఏడవని పిల్ల.

"అంకుల్, నాలుగు రోజుల్లో హాస్టల్ ఖాళీ చెయ్యాలండి. మాకు వేరే చోటు లేదండి. ఇది మంచిదేనండి, బుర్రే లేదు, అంతే."

నా స్నేహితురాలిని ఏడిపించింది నేనే. సిగ్గుతో చచ్చిపోయాను. క్షమించమని అడుగుదామంటే రెండు చేతుల మధ్య తెరిచిన చాకు. చాకుతో సహా దణ్ణం పెడితే చూసేవాళ్లకు ఎలా ఉంటుందో ఆలోచించండి. నేను ఆలోచించలేదు, పెట్టేశాను. మల్లయ్యగారు కుర్చీ వెనక్కి వెళ్లి నిలబడ్డాడు.

ఎల్లమ్మగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. భయంతో అనుకున్నాను. కాదు, ఆవిడ నవ్వుతోంది.

"ఇటియ్యి" అని చాకు తీసుకుని, ఒకసారి తిప్పి చూసింది. పిడి లోపల సన్నటి రేకు ఒకటి బ్లేడు వెనక అడ్డంగా నిలబడి ఉంది. ఆవిడ దాన్ని బొటనవేలితో పక్కకు జరిపి, బ్లేడును మడిచేసింది. టక్.

"గీ రేకును జర పక్కకు నూకాలె. గంతే" అంది. అలాంటి చాకును ఆవిడ చూడటం అదే మొదలు. ఏ వీడియో చూడలేదు, ఎవరి గడ్డమూ చూడలేదు.

తర్వాత భర్త వైపు తిరిగింది.

"ఏందయ్యా, గంత పరేషాన్ అయితున్నవు? చాకు మూయనీకి రాని పిల్ల ఎవల్ని పొడుస్తది? గిసొంటి అమాయకురాలు ఇంట్ల ఉంటే మనకేం ఫికరు?"

మల్లయ్యగారు కుర్చీ వెనక నుంచే నన్ను ఆపాదమస్తకం పరిశీలించాడు. అంతసేపు నన్ను మా మేనేజరు కూడా ఎప్పుడూ పరిశీలించలేదు.

"అవు, గదీ నిజమే" అన్నాడు చివరికి. "సదువుకున్నది గానీ, ప్రమాదం లేదు."

అలా మాకు ఇల్లు దొరికింది. సలోమి మంచితనం వల్ల కాదు, మా జీతాల వల్ల కాదు. నేను ఎందుకూ కొరగానని వాళ్లు కళ్లారా చూసినందువల్ల. గాజుముక్కల్లోంచి కాగితం ఏరుకుని, దులుపుకుని, మల్లయ్యగారు అగ్రిమెంటు రాశాడు. చివర తన చేత్తో ఒక షరతు కూడా చేర్చాడు: "ఇంట్లో చాకు, కత్తి, కత్తెర నర్సమ్మ మాత్రమే వాడవలెను." నేను దాని కింద పూర్తి పేరుతో సంతకం పెట్టాను. పదకొండు నెలలకోసారి కొత్త అగ్రిమెంటు రాసినప్పుడల్లా కిరాయి మారుతుంది. ఆ షరతులో మాత్రం ఒక్క అక్షరం మారదు.

కాబట్టి, కడప జిల్లా వాస్తవ్యురాలను, వృత్తిరీత్యా ఇతరుల తప్పులు పట్టుదానను అయిన వాణి అను నేను, పూర్తి స్పృహలో ఉండి ప్రమాణం చేయునది ఏమనగా: ఎలా మూయాలో తెలియని ఏ వస్తువునూ ఇకమీదట పరాయివాళ్ల ఇంట్లో తెరవను. నా నోటితో సహా.