సారు చెయ్యి

మా కోచ్ సారు పోయారని మొన్న పొద్దున వాళ్ల అబ్బాయి నేను పనిచేసే బ్యాంకుకు ఫోన్ చేసి చెప్పాడు. రిసీవర్ పెట్టేసి, నా కుడి మోచెయ్యి తడుముకున్నాను.

ఒకప్పుడు ఆయన వరంగల్‌లో మిల్లు జట్టుకు ఫాస్ట్ బౌలర్. మిల్లులో ఉద్యోగం ఇచ్చిందే ఆయన బౌలింగ్ చూసి. డెబ్బైల మొదట్లో హైదరాబాద్‌లో ఒక పెద్ద మ్యాచ్‌లో, చెయ్యి వంచి విసురుతున్నారని అంపైర్ ఒకే ఓవర్లో మూడు నో బాల్స్ ఇచ్చాడట. ఆ తర్వాత జట్టులో ఎవరూ ఆయనకు బంతి ఇవ్వలేదు. పగలు మిల్లులో పని, సాయంత్రం హనుమకొండ గ్రౌండ్‌లో మాకు శిక్షణ. పిచ్ మీద పరిచే పీచు చాపను ఓవర్ ఓవర్‌కూ వంగి సర్దేవారు. "చాప ముడతపడితే బంతి అబద్ధం చెప్తది" అనేవారు. ఎంత బాగా వేసినా "ఊఁ, ఇంకోటి" తప్ప మెచ్చుకోలు ఉండేది కాదు. నన్ను మాత్రం "చెయ్యి సక్కగ రానియ్యి" అని రోజూ అరిచేవారు. వికెట్లు పడుతున్నాయి కదా అని నేను చెవిన పెట్టలేదు.

జిల్లా జట్టుకు ఎంపిక చేసే మ్యాచ్ వచ్చింది. నాకప్పుడు పందొమ్మిదేళ్లు. పెద్దలు షామియానా కింద కూర్చున్నారు. రావాల్సిన అంపైర్ రాకపోతే సారునే నిలబెట్టారు. ఇంక నాకు అడ్డేముంది అనుకున్నాను. ఆఖరి ఓవర్. అవతలివాళ్లకు మిగిలింది ఒక్క వికెట్, కావాల్సినవి నాలుగు పరుగులు. బలమంతా పెట్టి వేశాను. బంతి చేతిలోంచి జారిందో లేదో వెనక నుంచి ఏదో కేక. స్టంపు ఎగిరిపడింది. నేను చేతులెత్తి గెంతాను. బ్యాట్స్‌మన్ మాత్రం కదల్లేదు. తిరిగి చూశాను.

నో బాల్.

"నా కాలు గీత దాటలే సార్!"

"కాలు కాదు బిడ్డా. చెయ్యి."

పక్కకు చాచిన ఆయన చెయ్యి కూడా మోచేతి దగ్గర వంగే ఉంది.

మ్యాచ్ ఓడిపోయాం. జాబితాలో నా పేరు లేదు. కోపం పట్టలేక వాళ్లింటికే వెళ్లాను. "మీకైన గతే నాకు పట్టాల్నా సార్?" అన్నాను. ఆ మాటకు ఇప్పటికీ సిగ్గుపడతాను.

ఆయన చొక్కా చెయ్యి పైకి మడిచి చూపించారు. "చిన్నప్పుడు ఎడ్లబండి మీదికెల్లి పడ్డ. చెయ్యి ఇరిగి బొక్క వంకర అతికింది. నాది బొక్క తప్పు, పోదు. నీది అలవాటు, పోతది. నాకు పదేండ్లు ఎవ్వలు చెప్పలే. వికెట్లు పడుతున్నయని అందరు ఊకున్నరు. నేను గూడ ఊకుండాల్నా?"

మర్నాటి నుంచి నా మోచేతికి చెక్క స్కేలు పెట్టి తువ్వాలతో కట్టడం మొదలుపెట్టారు. ఆరు నెలలు రోజూ ఆయనే కట్టారు. మరుసటి ఏడు జిల్లాకు ఆడాను. ఈ బ్యాంకు ఉద్యోగమూ ఆ ఆటే పెట్టింది.

నేను వెళ్లేసరికి ఆయనను ఇంటి ముందు చాప మీద పడుకోబెట్టారు. చేతులు ఒంటికి ఆన్చి సర్దుతున్నారు. కుడి చెయ్యి ఎంతకూ చాపకు ఆనడం లేదు. ఒక పెద్దమనిషి దాన్ని అదిమి పట్టుకున్నాడు.

"జర ఆగు కాకా," అన్నాను. "సారు చెయ్యి అంతే. అట్లనే ఉండనియ్యి."

ఆయన వదిలేశాడు. మోచెయ్యి మళ్లీ కొంచెం లేచింది. దాని కింద చాప ముడతపడి ఉంది. వంగి సరిచేశాను.