మా కంప్యూటర్‌లో లేని అక్షరాలు

కోడలు కంప్యూటర్‌లో ఫైలు తెరిచింది. నా సాక్ష్యం ఉండాల్సిన చోట ఇంగ్లీషు అక్షరాలు, కొంకి గీతలు, నడుమ నడుమ డాలరు గుర్తులు కనబడ్డాయి.

"ఇంగ్లీషుల చెప్తవా అత్తమ్మా సాక్ష్యం? పాస్టరమ్మకు సమజ్ కావాలె గద!" అని కోడలు నవ్వింది.

నాకు నవ్వు రాలేదు. తెల్లారితే సూర్యాపేటలో మిర్యాలగూడ బస్సెక్కాలి. అక్కడి చర్చి స్త్రీల కూడికలో, దేవుడు చేసిన మేలు చెప్పే వంతు నాది. అందరూ నోటితోనే చెబుతారు. నేను మాత్రం రాసుకొచ్చి చదువుతానని పోయిన కూడికలో అందరి ముందు అనేశాను. ఎన్నో ఏళ్లు వేలిముద్ర వేసి, తల నెరిశాక సాయంత్రం బడికి పోయి అక్షరాలు నేర్చుకున్నదాన్ని. నేను చదువుతుంటే చూడాలని వాళ్లకుంది. చూపించాలని నాకుంది.

చేత్తో రాసిన కాగితం కోదాడలో నా కూతురి దగ్గరే ఉంది. ఆమె టైపు చేసి, అక్షరాలు నాకు కావలసినంత పెద్దవి చేసుకోవచ్చని ఫైలు పంపింది.

కోడలు ఆమెకు ఫోన్ కలిపింది. "నేను కొట్టిన ఫాంటు మీ దాంట్లో లేదు వదినా. అది లేకపోతే తెలుగు అట్లానే కనపడుతుంది. పంపిస్తాను, ఇన్‌స్టాల్ చెయ్యి," అంది బిడ్డ.

అది వచ్చేదాకా నేను కూర్చోలేకపోయాను. వంటింట్లోకి పోయి గ్యాస్ కట్టేశానో లేదో చూశాను. వచ్చి కోడలి భుజం మీదుగా తొంగి చూశాను. మళ్లీ గ్యాస్ దగ్గరికి పోయాను.

"జర నిమ్మలంగ ఉండరాదు!" అంది కోడలు.

ఫాంటు వచ్చింది. కోడలు దాన్ని నొక్కగానే తెర మీద ఒక కిటికీ తెరుచుకుంది. దాని నిండా తెలుగే. చిన్న వరుసలు, పెద్ద వరుసలు. ప్రాణం లేచొచ్చినట్టయింది. దగ్గరికి వంగి, వేలు పెట్టి చదవబోయాను. ష... ఘె... ణు... అక్షరాలు తెలిసినవే, మాట మాత్రం కుదరడం లేదు. కింది వరుస ఇంకా పెద్దది, అదీ అంతే. నేర్చుకున్నదంతా ఒక్కసారే పోయిందా?

"బిడ్డా, నాకు సదువస్తలేదు," అని కోడలితో అన్నాను.

"ఎవలకు రాదత్తమ్మా. అది ఫాంటు నమూనా. ఇంగ్లీషు మాటలనే తెలుగు అక్షరాలల్ల సూపెడ్తది. దానికి అర్థమే లేదు."

"అర్థం లేనిదాన్ని గంత పెద్దగ ఎందుకు రాసిన్రు?"

"నిన్ను బెదిరియ్యనీకి!"

ఇన్‌స్టాల్ నొక్కింది. ఫైల్లో మళ్లీ అవే డాలర్లు. దాన్ని మూసి తెరవమని కోదాడ నుంచి బిడ్డ ఫోన్‌లో చెప్పింది; అలా చేయగానే ఒక్కసారిగా నా మాటలు కనబడ్డాయి: నేను నడిగూడెంలో మిరపకాయలు ఏరిన కూలిదాన్ని. కోడలు అక్షరాలు పెద్దవి చేసి ప్రింటు తీసింది.

బస్సులో కాగితం పట్టుకుని కూర్చున్నాను. కొత్త ఫాంటులో అక్షరాలకు ఒంపులెక్కువ. చదివిన వరుసే మళ్లీ చదివాను. రెండో కాగితం దాకా పోకముందే మిర్యాలగూడ వచ్చింది.

కూడికలో నిలబడి చదివాను. మొదటి కాగితం బాగానే సాగింది. రెండోదాంట్లో, నా భర్త జబ్బు పడ్డ చోట, ఒక మాట నడుమ ఆగిపోయాను. మెలికలు తిరిగిన అక్షరం. అలాంటిది నేను రాయలేదు. బిడ్డ నా తప్పును దిద్దినట్టుంది. 'దవా...' దాకా చదివి, వేలు ఆ అక్షరం మీదే ఉంచాను.

ముందు చాప మీద కూర్చున్న ఒకామె మెల్లగా అడిగింది. "ఏమక్కా, ఏడ ఆగినవ్?"

"మా ఆయన పండుకున్న కాడ ఆగిన."

"ఏడ పండుకున్నడు, దవాకానల్నా?"

చాపల మీద నవ్వు పాకింది. నాకూ నవ్వొచ్చింది.

"ఆ, దవాకాననే," అని, నేను 'కా' రాసిన చోట బిడ్డ పెట్టిన ఆ 'ఖా' మీంచి వేలు దాటించి తర్వాతి మాట చదివాను.