దూప

మాల్టాలో గ్రేస్‌ది విజయవాడ. పటమటలో పుట్టి పెరిగానని అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ చెబుతుంది. నిజానికి ఆమె భూపాలపల్లి జిల్లా మొగుళ్లపల్లిలో పత్తి ఏరే పోశాలు, ఎల్లక్కల కూతురు. విజయవాడతో ఆమెకున్న సంబంధమల్లా ఒక ప్రైవేటు ఆసుపత్రిలో రెండేళ్లు ఆయాగా చేయడమే. చేరిన మొదటి వారం ఆమె “గిదేంది” అన్నందుకు వార్డంతా పొట్ట చెక్కలయ్యేలా నవ్వింది. సినిమాల్లో కమెడియన్‌లా భలే అంటున్నావే, మళ్లీ ఒకసారి అనవే అని బతిమాలి మరీ అనిపించుకున్నారు. ఆ రెండేళ్లలో ఆమె అన్నిటికన్నా శ్రద్ధగా నేర్చుకున్న పని నాలుక తిప్పుకోవడం.

నేర్చుకున్నది వృథా పోలేదు. మాల్టాలో ముసలివాళ్ల ఆశ్రమంలో పనికి చేరాక, అక్కడే వంటగదిలో పనిచేసే భీమవరం కల్యాణి ఆమె మాట విని ముచ్చటపడింది. “మా ఫ్లాట్‌లో ఒక మంచం ఖాళీ అవుతోంది గ్రేస్. బయటివాళ్లొద్దు, మనవాళ్లనే పెట్టుకుందామని చూస్తున్నాం. ఆదివారం కొండకీ బీచ్‌కీ వెళ్తున్నాం. నువ్వూ రా, మాట్లాడుకుందాం” అంది.

గ్రేస్ అప్పుడు ఒకరి భాష ఒకరికి తెలియని అయిదుగురితో ఒకే గదిలో పడుకుంటోంది. వంట చేసుకుంటే వాసనని తిట్టేవారు, ఫోను మాట్లాడితే గోల అని తిట్టేవారు. ‘మనవాళ్లు’ అన్న ఆ మాటను ఆమె వారమంతా బెల్లం ముక్కలా బుగ్గన పెట్టుకుని తిరిగింది. ఎలాగైనా ఆ మంచం తనకే దక్కాలి.

ఆదివారం పొద్దున బస్టాండుకు పోయేసరికి కల్యాణి, ఆమె స్నేహితుడు తెనాలి కరుణాకర్ ఉన్నారు. వాళ్ల పక్కన, ఎండలో కొత్త బూట్లు చూసుకుంటూ, రజిత. ఆశ్రమంలో కొత్తగా చేరిన పిల్ల. మహబూబాబాద్ జిల్లా గూడూరు దగ్గర తండా, సోమ్లీ కూతురు. ఇంట్లో లంబాడీ, బయట గూడూరు తెలుగు. “పాపం, ఎవరూ లేరు కదా, తీసుకొచ్చా” అంది కల్యాణి. కల్యాణి మంచిదే, కాదనను. కుక్కపిల్లను చేరదీసే మంచితనం కూడా మంచితనమే.

రజిత గ్రేస్‌ని చూడగానే మొహమంతా నవ్వు చేసుకుని, “అక్కా, మంచిగున్నరా?” అంది.

“బాగున్నానండీ” అని గ్రేస్ ఆ అమ్మాయికి దూరంగా, కిటికీ పక్క సీట్లో కూర్చుంది.

దారిలో దిగి వేడివేడి పస్టిజ్జీలు తిన్నారు. పొరలు పొరలుగా విరిగే కజ్జికాయల్లాంటివి, లోపల బఠానీ ముద్ద. రజిత ఒకటి కొరికి, “జర కారం ఉంటే మస్తుండు” అంది. కరుణాకర్ నవ్వాపుకోలేక, “మస్తుండునా? ఉండు ఉండు, ఇది రికార్డు చేయాలి” అని ఫోను తీశాడు. రజిత కూడా నవ్వింది. తనతో కలిసి నవ్వుతున్నారనుకుంది పిచ్చిపిల్ల. అందరికంటే గట్టిగా నవ్వింది గ్రేస్.

తర్వాత కొండ అంచు బాట. ఒక పక్క సముద్రం నీలంగా మెరుస్తోంది, ఇంకో పక్క ఎండిన గడ్డి, తెల్లటి రాళ్లు. చెట్టన్నది లేదు. సూర్యుడు నెత్తిన కూర్చున్నాడు. రజిత తెచ్చుకున్న చిన్న సీసా మొదటి ఎత్తు ఎక్కేసరికే ఖాళీ అయింది. మిగతావాళ్ల సంచుల్లో పెద్ద సీసాలున్నాయి. గ్రేస్ సంచిలో ఒకటికి రెండున్నాయి.

కాసేపటికి రజిత వెనక పడింది. పెదవులు తెల్లబడ్డాయి. మెల్లగా గ్రేస్ పక్కకు వచ్చి, ఆమెకు ఒక్కదానికే వినపడేలా, “అక్కా, దూపైతుంది” అంది.

మొగుళ్లపల్లిలో ఎవరైనా గడప ముందు నిలబడి ఆ మాటంటే ముందు నీళ్ల చెంబు చేతికిస్తారు, తర్వాతే ఎవరు నువ్వని అడుగుతారు. పత్తి చేలో ఆ మాట వినపడితే ఎల్లక్క ఏరుతున్న సాలు వదిలేసి, తడి గోనె చుట్టిన డబ్బా దగ్గరికి పరుగెత్తేది. గ్రేస్ చెయ్యి తనంతట తానే సంచి జిప్పు మీదికి పోయింది.

కానీ కరుణాకర్ చెవులు పాముచెవులు. “ధూపమా? ఇక్కడ గుడెక్కడుందమ్మా ధూపం వెయ్యడానికి?” అన్నాడు. కల్యాణి పడీ పడీ నవ్వి, కళ్లు తుడుచుకుంటూ, “ఏమంటోంది గ్రేస్? నీకేమైనా అర్థమైందా?” అంది.

సీసా తీసి ఇస్తే అర్థమైనట్టే. అర్థమైతే పటమట పోయినట్టే, మంచం పోయినట్టే. గ్రేస్ జిప్పు మీంచి చెయ్యి తీసేసింది. “ఏమో అక్కా, నాకూ అర్థం కాలేదు” అంది. అంతటితో ఊరుకున్నా బాగుండేది. “కడుపు నొప్పేమో, పస్టిజ్జీ పడలేదేమో” అని కూడా అంది.

రజిత ఆమె మొహంలోకి చూసింది. మళ్లీ అడగలేదు. నీళ్లు కావాలని సైగ కూడా చేయలేదు. సిగ్గు చచ్చిన మనిషైతే అడిగేది. ఆ పిల్ల తల వంచుకుని నడిచింది, రెండుసార్లు తూలింది, ఒకచోట రాళ్ల చాటుకు పోయి కక్కుకుంది. “అబ్బా, ఈ పిల్లనెందుకు తెచ్చానా అనిపిస్తోంది” అని కల్యాణి గొణిగింది. గ్రేస్ రజితకు వీపు పెట్టి నిలబడి, తన సీసా ఎత్తి గడగడా తాగింది. నిజంగానే కడుపు నొప్పేమో అని తనకు తానే చెప్పుకుంది. అబద్ధం నోటికి అలవాటైతే లోపలికి దిగడానికి ఎంతసేపు!

దిగువన ఊళ్లో హోటలుంది. ఎర్రటి ద్రాక్షసారాలో ఉడికించిన కుందేలు కూర ఆ దేశంలో పేరున్న వంటకం. పళ్లెం రాకముందే రజిత బల్ల మీది జగ్గెత్తి, గ్లాసులో పోసుకోకుండా, చొక్కా తడిసేలా తాగింది. రెండో జగ్గు కూడా తాగింది. సంచిలోని సీసా నింపుకుంది. కరుణాకర్ అదీ ఫోనులో తీశాడు. కల్యాణి మటుకు గ్రేస్ భుజం మీద చెయ్యేసి, “నువ్వు ఒకటో తారీఖున వచ్చెయ్. మాట తెలిసిన మనిషి ఉంటే ఇల్లు ఇల్లులా ఉంటుంది” అంది. గ్రేస్‌కి ఆ కుందేలు కూర అమృతంలా ఉంది.

చేతులు కడుక్కునే చోట రజిత ఆమె పక్కన నిలబడింది. “అక్కా, మొన్న డ్యూటీల మీరు ఫోన్ల మాట్లాడంగ విన్న. ‘అవ్వా, పైలం’ అన్నరు. మా దిక్కోళ్లే అని మస్తు సంబురమైంది. అందుకే మీకు చెప్పిన.”

“నువ్వేదో పొరపాటు పడ్డావమ్మా. మాది విజయవాడ.”

రజిత తల ఊపింది. “అట్లనా అక్కా” అని మాత్రం అంది.

సాయంత్రం బీచ్. ఇసుక కొంచెం, రాళ్లు ఎక్కువ. ఆ రాళ్ల సందుల్లో నల్లటి ముళ్ల ఉండల్లాంటి ప్రాణులుంటాయని గ్రేస్‌కి తెలియదు. సంతోషంలో కల్యాణి చెయ్యి వదిలించుకుని మోకాలి లోతు దాటింది. ఒకదాని మీద పూర్తి బరువుతో కాలు వేసింది. కాలు తీయబోయి వెనక్కి పడింది, అల నెత్తి మీదుగా పోయింది, నోటినిండా ఉప్పునీళ్లు. కరుణాకర్ జబ్బ పట్టి రాయి మీదికి లాగాడు.

“అవ్వో! సచ్చిపోతున్ననే! ముండ్లు దిగినయే, జర తియ్యుండ్రే!” పటమట సముద్రంలో కలిసింది.

కల్యాణి ముందు హడలిపోయింది. ముళ్లేనని తెలిశాక ఆమె మొహం మెల్లగా మారింది. “ఇదేం భాషే? విజయవాడలో ఇలా ఎవరేడుస్తారు?” అంది. తర్వాత నవ్వొచ్చేసింది. కరుణాకర్ అప్పటికే ఫోను ఎత్తాడు. “ఏం కావాలో చెప్పు గ్రేస్. కొంచెం తెలుగులో చెప్పు.”

గ్రేస్ ఉప్పునీళ్లు కక్కింది. గొంతు మండిపోతోంది, నాలుక అంగిట్లో అతుక్కుపోయింది. ఎంత వెతికినా ఆ క్షణాన నేర్చుకున్న మాట ఒక్కటీ దొరకలేదు. ఎదుటి రాయి మీద రజిత, ఒళ్లో నిండు సీసా.

“రజితా, దూపైతుందే” అంది గ్రేస్.

“ఏమంటోంది? ఇది మీ వైపు మాటే కదా, నీకు తెలిసుండాలే” అన్నాడు కరుణాకర్, ఫోను రజిత వైపు తిప్పి.

రజిత సీసా మూత తిప్పి, రెండు గుక్కలు తాగి, మళ్లీ బిగించింది.

“ఏమోనండి” అంది, పొద్దుటి నుంచి విన్న ఆ ‘అండి’ని జాగ్రత్తగా పలుకుతూ. “నాకు తెలుగు అంత రాదు. మాది తండా.”